మోకాలికీ పేగుకీ ముడి

మా బావగారికి పెద్దపేగులో కంతి ఉందనీ, కోసి తియ్యాలనీ డాక్టర్లు తేల్చినప్పుడు మేమంతా భయపడింది ఆపరేషను గురించి. తీరా ఆపరేషను మూడున్నర గంటల్లో నిక్షేపంలా జరిగిపోయింది. అసలు నిరీక్షణ ఆ తరువాత మొదలైంది.

మర్నాడు పొద్దున్నే సర్జనుగారు వచ్చారు. ఆవిడకి ముప్ఫయి అయిదేళ్ళుంటాయేమో. కట్టు చూశారు. కడుపు మీద నాలుగు చోట్ల వేళ్ళతో తట్టి చూశారు. స్టెతస్కోపు ఆనించి కళ్ళు మూసుకుని విన్నారు. విని, మా అక్కయ్య, నేను, బావగారి వియ్యంకుడుగారు, పక్కమంచం తాలూకు మనుషులు అందరం ఉండగా, కాస్తయినా గొంతు తగ్గించకుండా అడిగారు:

"గాలి పోయిందా అండీ?"

మా బావగారు హెడ్మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. ముప్ఫయ్యేళ్ళపాటు ఇతరులని ప్రశ్నలు వెయ్యడమే గాని, ఒకరిచేత వేయించుకోవడం ఎరగరు. అందులోనూ ఇల్లాంటి ప్రశ్న! ఆయన సీలింగు ఫ్యాను కేసి చూస్తూ తల అడ్డంగా ఆడించారు. డాక్టరుగారు కాగితం మీద ఏదో గీసి, "సరే, చూద్దాం. లేచి నడుస్తూండండి" అని వెళ్ళిపోయారు. సాయంత్రం ఇంకో డాక్టరు వచ్చాడు. అదే ప్రశ్న. రాత్రి నర్సమ్మ వచ్చింది. అదే ప్రశ్న. రెండో రోజుకల్లా ఊళ్ళో ఉన్న బంధువులు సైతం ఫోనుల్లో క్షేమసమాచారాలు మానేసి ఇదే అడగడం మొదలెట్టారు.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక ఒక మాట మనవి చేస్తాను. ఈ వస్తువుకి మన భాషలో అచ్చమైన మాట ఒకటుంది. పాఠకులందరికీ తెలుసు. అచ్చువెయ్యడానికి సంపాదకులు ఒప్పుకోరు. అంచేత సంస్కృతం చాటున దాక్కుని అపానవాయువు అంటాం. పంచప్రాణాల్లో అపానం ఒకటని పూర్వులు లెక్క కట్టారు. ప్రాణం సరసన దాన్ని కూచోబెట్టడమేమిటా అని చదువుకునే రోజుల్లో నవ్వుకునేవాణ్ణి. ఆ ఆస్పత్రి వరండాలో మూడు రాత్రులు కూచున్నాక ఆ లెక్క ఎంత సబబైనదో తెలిసొచ్చింది.

ఎందుకంటే గాలి పోతేగాని పేగు కదిలినట్టు కాదు. పేగు కదిలితేగాని తిండి లేదు. తిండి లేకపోతే ఒంట్లోకి బలం రాదు, సెలైను సీసా దిగదు, ఇంటికి పంపరు. ఈలోగా కడుపు డోలులా ఉబ్బి, కుట్లు లాగి, ఊపిరి పీల్చుకోవడమే కష్టమౌతుంది. రెండో రోజు సాయంత్రానికి మా బావగారి స్థితి అదే. వాంతి కూడా అయింది. కుట్లున్న కడుపుతో వాంతి చేసుకోవడమంటే ఏమిటో చూసినవాడు మరిచిపోడు.

ఇంతకీ పేగు ఎందుకు ఆగిపోతుంది? కంతి ఉన్న ముక్కని తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు, బాగానే ఉంది. కుట్టినచోట కదలకపోతే అర్థముంది. కాని ఇరవై అడుగులు పైబడిన పేగు మొత్తం సమ్మె కట్టినట్టు కూచోవడమెందుకు?

ఈ ప్రశ్న పాతదే. 1899లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కల చిన్నపేగు కదలికలని పరీక్షించారు. వీళ్ళూ బావా బావమరుదులే. స్టార్లింగ్ చెల్లెల్ని బేలిస్ పెళ్ళాడాడు. వెన్నుపాము నుంచి పేగుకి వచ్చే నరాలు కొన్ని దాని కదలికకి పగ్గాలు వేస్తాయని వాళ్ళు చూపించారు. 1906లో అమెరికాలో కానన్, మర్ఫీ అనేవాళ్ళు ఎక్స్‌రేల సాయంతో ఇంకో సంగతి పట్టుకున్నారు. మత్తుమందు కన్నా, పొట్ట తెరిచి ఉంచడం కన్నా, పేగుని చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదపడమే దాన్ని గంటలతరబడి ఆపేస్తుందని. మన చేలగట్లమీద అత్తిపత్తి మొక్క ఉంటుంది చూడండి, వేలు తగిలితే చాలు, ఆకులన్నీ ముడుచుకుంటుంది. పేగు కూడా అల్లాంటి జాతి. సర్జను ఎంత సుతారంగా పట్టుకున్నా దానికి పరాయి చెయ్యి పరాయి చెయ్యే.

అత్తిపత్తి అయితే కాసేపటికి విచ్చుకుంటుంది. పేగు కథ అక్కడితో ఆగదు. చేతులు తగిలిన పేగు గోడలోకి కొన్ని గంటలు గడిచాక తెల్లరక్తకణాలు చేరి మంట పుట్టిస్తాయి. పైకి కనబడే వాపు లాంటిదే, లోపల కండరంలో. రోజుల తరబడి కదలనివ్వకుండా చేసేది ఈ రెండో దెబ్బ. దీనికి తోడు నొప్పి తగ్గడానికిచ్చే మార్ఫిను జాతి మందులు పేగుని మరింత బద్ధకస్తురాలిగా చేస్తాయి. మందివ్వకపోతే నొప్పి, ఇస్తే మలబద్ధం. మామూలుగా చిన్నపేగు ఒక రోజులో తేరుకుంటుంది, జీర్ణాశయం ఒకటి రెండు రోజుల్లో, పెద్దపేగు మూడు రోజుల దాకా పడుతుంది. కొందరికి అయిదారు రోజులైనా తెమలదు. ఆ కొందరిలో మనవాడు పడతాడేమోనన్నదే మంచం పక్కన కూచున్నవాళ్ళ బెంగ.

రెండో రోజు రాత్రి నేనూ మా మేనకోడలూ వరండాలో కూచున్నాం. అది ఫిజియోథెరపీ చదివి, నడుంనొప్పుల వాళ్ళకి కరెంటు పెట్టెలు తగిలించే ఉద్యోగం చేస్తోంది. ఉన్నట్టుండి, "మామయ్యా, చైనాలో ఇల్లాంటి వాళ్ళకి మోకాలి కింద కరెంటు పెడుతున్నారు. పేగులు తొందరగా కదులుతున్నాయిట," అంది.

నాకు నవ్వొచ్చింది. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం విన్నాను గాని, పేగుకీ మోకాలికీ ముడి ఇప్పుడే వింటున్నానే," అన్నాను.

ఆ పిల్లకి కోపం వచ్చింది. తండ్రి లోపల మూలుగుతూంటే మేనమామ సామెతలు వల్లించడం ఏ పిల్లకైనా కోపం తెప్పిస్తుంది. "నువ్వు చదివి అప్పుడు మాట్లాడు మామయ్యా," అని తన ఫోనులో ఉన్న వ్యాసాలన్నీ నాకు పంపించింది. నిద్ర ఎలాగూ రాదు. చదివాను. చదివిన సంగతులే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ఈ వైద్యం ప్రపంచం కళ్ళబడ్డది ఒక పత్రికారచయిత కడుపునొప్పి మూలంగా. న్యూయార్క్ టైమ్స్‌లో ప్రసిద్ధుడైన జేమ్స్ రెస్టన్ 1971 జూలైలో చైనా వెళ్ళాడు. పెకింగులో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. రాక్‌ఫెల్లరు సొమ్ముతో అమెరికావాళ్ళు ఒకనాడు కట్టిన ఆస్పత్రిలోనే చేర్చారు. కాకపోతే అప్పటికి దాని పేరు సామ్రాజ్యవాద వ్యతిరేక ఆస్పత్రి! చైనా సర్జన్లు మామూలు మత్తు ఇంజక్షన్లిచ్చి, మామూలుగా కోసి, మామూలుగా కుట్టారు. రెండో రాత్రి మా బావగారికి పట్టుకున్న బాధే ఆయన్నీ పట్టుకుంది, కడుపుబ్బరం. అప్పుడొక సూదివైద్యుడు వచ్చి కుడి మోచేతి దగ్గరా, రెండు మోకాళ్ళ కిందా పొడుగాటి సన్న సూదులు మూడు గుచ్చి తిప్పాడు. ఏదో మూలిక చుట్టి అంటించి కడుపుకి దగ్గరగా పట్టుకున్నాడు. అంతా ఇరవై నిమిషాల పని. గాలి పోగొట్టుకోవడానికి ఇంత తతంగమా అని రెస్టనుకే అనిపించిందిట. అయితే గంటలోగా ఉబ్బరం తగ్గింది, మళ్ళీ రాలేదు. ఆ నెల 26వ తారీఖున తన పత్రికలో ఇదంతా హాస్యంగా రాశాడు.

ఇంక చూడండి లోకం పోకడ. రాసింది ఒకటి, చదివింది ఒకటి. సూదులు గుచ్చి, మత్తు లేకుండానే రెస్టనుకి ఆపరేషను చేశారన్న కథ దేశదేశాలా పాకింది. ఇవాళ్టికీ చదువుకున్నవాళ్ళు కూడా అల్లాగే చెబుతారు. ఆయన చెప్పిన అసలు సంగతి, ఆపరేషను తరువాత కడుపుబ్బరం సంగతి, అందరూ మరిచిపోయారు. గాలికబురు అంటే ఇదే కాబోలు. మన దేశానికి మాత్రం ఈ విద్య రెస్టను కన్నా ముందే వచ్చింది. 1938లో కోట్నీసుతో కలిసి చైనా వెళ్ళిన అయిదుగురు డాక్టర్లలో ఒకరైన బి.కె. బాసు దీన్ని నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు.

రెస్టనుకి సూదివైద్యుడు సూదుల్ని చేత్తో తిప్పాడు. ఆ తిప్పడమనే పనిని తరువాత కరెంటుకి అప్పగించారు. సూది చివర తీగె తగిలించి బ్యాటరీ పెట్టె నుంచి సన్నటి విద్యుత్తు పంపడం ఒక పద్ధతి. సూదే లేకుండా చర్మం మీద జిగురుపట్టీ అంటించి దానిలోంచి పంపడం రెండోది. సూదంటే హడిలిపోయే నాబోటివాళ్ళకి రెండోదే ప్రాణానికి హాయి. కరెంటంటే గోడలోని కరెంటు కాదు సుమండీ. మిల్లీయాంపియర్లలో కొలిచేది. అది తగిలినచోట జివజివలాడుతుంది, కండరం సన్నగా అదురుతుంది, అంతే. సెకనుకి రెండు సార్లు ఒక విడత, వంద సార్లు ఇంకో విడత, మార్చి మార్చి ఇవ్వడం వాడుక. దీని వెనక పెకింగులో హాన్ జీషెంగ్ అనే ఆచార్యుడి కృషి ఉంది. ఆయన 1965లో ఈ పరిశోధనకి దిగాడు. మన ఒంట్లోనే నల్లమందు లాంటి పదార్థాలు కొన్ని తయారౌతాయి. నెమ్మది తాకిడికి ఒక రకమూ, జోరు తాకిడికి ఇంకో రకమూ విడుదలౌతాయని ఆయన బృందం చూపించింది. రెంటినీ మార్చి మార్చి ఇవ్వడం అందుకే.

పెట్టే చోట్లు చాలా ఉన్నాయి గాని ముఖ్యమైనవి రెండు. ఒకటి మోకాటిచిప్ప దిగువని నాలుగు వేళ్ళ వెడల్పు వదిలి, ముంగాలి ఎముకకి బొటనవేలంత బయటివైపు. దానికి చైనా భాషలో పేరు జూసాన్లీ. కాలి మూడు లీలు అని అర్థం. లీ అంటే మన అర కిలోమీటరు పాటి దూరం. అక్కడ తట్టి లేపితే అలసిపోయిన బాటసారి ఇంకో మూడు లీలు నడుస్తాడని వాళ్ళ నానుడి. రెండోది ముంజేతి లోపలివైపు, మణికట్టు ముడతకి మూడు వేళ్ళ పైన, తాళ్ళలా తగిలే రెండు స్నాయువుల మధ్య. దాని పేరు నేయ్‌గ్వాన్, అంటే లోపలి ద్వారం. ఇది వాంతులకి.

వాంతుల సంగతి ముందు చెప్పేస్తాను, అక్కడ వ్యాజ్యం తక్కువ గనక. ఐర్లండులో బెల్‌ఫాస్టు నగరపు మత్తుడాక్టరు జాన్ డండీ 1986లో ఈ మణికట్టు సంగతి బ్రిటిషు వైద్యపత్రికకి రాశాడు. అప్పటినించీ పరీక్షలమీద పరీక్షలు. 2015లో 59 పరీక్షలు, 7,667 మంది రోగులు, అన్నీ కలిపి లెక్కవేసి చూశారు. ఆపరేషను తరువాత వచ్చే వికారం, వాంతి ఈ చోటుని ప్రేరేపిస్తే తగ్గుతున్నాయనీ, వాంతులు కట్టే మందులకి ఇది ఇంచుమించు సాటి వస్తోందనీ తేలింది. సూదైనా సరే, కరెంటైనా సరే, నొక్కుడుపట్టీ అయినా సరే.

మరి పేగు మాటో? ఇక్కడ నిదానించాలి. ఎందుకంటే ఈ జబ్బు చాలామందికి దానంతట అదే నయమయ్యే జబ్బు. మూడో రోజునో నాలుగో రోజునో ఎవరికైనా గాలి పోయేదే. ఆ ముందు రాత్రి మీరు కాలికి కరెంటు పెట్టినా, తలకి నిమ్మకాయ రుద్దినా, తెల్లారేసరికి ఆ ఘనత మీదే అవుతుంది. అంచేత పోలిక కావాలి. ఒక జట్టుకి నిజంగా పెట్టాలి. ఇంకో జట్టుకి పెట్టినట్టు నటించాలి. ఎవరికి ఏది పెట్టారో రోగికి తెలియకూడదు. మూడో జట్టుని వాళ్ళ మానాన వదిలెయ్యాలి.

సరిగ్గా ఇల్లాగే హాంకాంగులో చేశారు. 2013లో ఆ లెక్కలు వెలువడ్డాయి. పెద్దపేగు కంతికి చిన్న రంధ్రాల ద్వారా ఆపరేషను చేయించుకున్న 165 మంది. మొదటిసారి విరేచనం కావడానికి, కరెంటుసూది పెట్టినవాళ్ళకి సగటున 85.9 గంటలు. నటన సూది పెట్టినవాళ్ళకి 107.5 గంటలు. ఏమీ పెట్టనివాళ్ళకి 122.1 గంటలు. ఏమీ పెట్టనివాళ్ళు ఇంటికి వెళ్ళింది 8.5 రోజులకి, కరెంటుసూదివాళ్ళు 6.5 రోజులకే. నాకు ఇందులో బాగా నచ్చింది మధ్య అంకె. ఉత్తుత్తి సూదివాళ్ళు ఇటూ అటూ కాకుండా నడిమధ్యని నిలబడ్డారు. రోజూ ఒకరు వచ్చి, పక్కన కూచుని, తాకి, ఏదో చేస్తున్నారన్న నిబ్బరానికే పేగు కొంత కరుగుతుందేమో అనిపించింది. ఇది డాక్టర్లు చెప్పింది కాదు, నా ఊహ.

2022లో అమెరికా వైద్యసంఘం వారి సర్జరీ పత్రికలో ఇంకొక పరీక్ష అచ్చయింది. చైనాలో నాలుగు ఆస్పత్రులు, 248 మంది. నిజం సూదులకి 76.4 గంటలు, నటన సూదులకి 90.0 గంటలు. రోజులు గడిచినా పేగు తెమలక సతమతమైనవాళ్ళు ఒక జట్టులో నూటికి 10, రెండో జట్టులో నూటికి 20.

ఇదంతా చదివి పొంగిపోయేలోపల, 2010లో షాంఘైనించి వచ్చిన ఇంకో పరీక్ష కూడా చెప్పాలి. అక్కడ 90 మందిలో కరెంటుసూది పెట్టినవాళ్ళకీ, పెట్టనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పట్టీల పద్ధతి మీద కూడా చైనాలో పరీక్షలు చాలా జరిగాయి. మేలు ఉందన్నవే ఎక్కువ. అయితే పట్టీ కింద జివజివ తెలుస్తుందా తెలియదా అన్నదాన్ని బట్టి తన జట్టు ఏదో రోగి పసికట్టవచ్చు. అక్కడ నటన కష్టం. వ్యాపారాలూ, దేశాభిమానాలూ కలిసిన విషయం కూడా గనక, లెక్కలని ఉప్పుతో సరిచూసుకునే చదవాలి.

మొత్తం మీద నాకు తోచిందేమంటే, ఇది అద్భుతం కాదు, బూటకం కాదు. పన్నెండు గంటలు, పదహారు గంటలు, మహా అయితే ఒక రోజు కలిసొస్తుంది. అంతేనా అంటారేమో. ఆరోగ్యంగా ఉన్నవాడికి పన్నెండు గంటలంటే ఒక రాత్రి నిద్ర. కడుపు ఉబ్బి, వెల్లకిలా పడుకుని, గోడగడియారం చూస్తున్నవాడిని అడగండి. బిల్లు కట్టేవాణ్ణి కూడా అడగండి.

అయినా మోకాలికీ పేగుకీ సంబంధమేమిటన్న నా మొదటి ప్రశ్న అల్లాగే ఉండిపోయింది. చైనావారి పాతపటాల్లో ఒళ్ళంతా కాలవలు గీసి ఉంటాయి. ఎన్ని శవాలు కోసినా ఆ కాలవలు ఎవరికీ దొరకలేదు. "కాలవ లేకపోతే పోయె మామయ్యా, నరం ఉంది," అంటుంది మా మేనకోడలు. ఆ చోటు అడుగున నిజంగానే ఒక నరం ఉంది, తుంటి దగ్గరనించి కాలిలోకి దిగే పెద్ద నరం తాలూకు కొమ్మ. అక్కడ తట్టిన కబురు వెన్నుపాము ఎక్కి మెదడుకి పోతుంది. మెదడు నుంచి పొట్టలోకి దిగే దారి ఇంకోటుంది, వేగస్ అనే నరం. మెదడులో పుట్టి, మెడ, రొమ్ము దాటుకుని, కడుపంతా సంచారం చేసే దేశదిమ్మరి. 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఎలుకలకి పొట్ట ఆపరేషను చేసి ఈ నరాన్ని కరెంటుతో ప్రేరేపిస్తే పేగు గోడలో మంట తగ్గి, కదలిక బాగుపడింది. ఇందాక చెప్పిన రెండో దెబ్బ అన్నమాట. 2021లో హార్వర్డువారు చేసిన పని ఇంకా చిత్రం. విషం ఎక్కించి ఒళ్ళంతా మంట పుట్టించిన ఎలుకలకి వెనకకాలి మీద, జూసాన్లీకి సాటి వచ్చే చోట, సన్న కరెంటు పెడితే వేగస్ నరం మేలుకుని మంట అణిగింది. అదే కరెంటు పొట్ట మీద బొడ్డు పక్కన పెడితే అల్లా జరగలేదు. కాలి లోతుపొరలో ఉండే ఒక జాతి నాడీకణాలు పొట్ట మీద కరువుట. వాటిని తీసేసిన ఎలుకల్లో కాలి మీద కరెంటూ పనిచెయ్యలేదు.

ఎలుక ఎలుకే, హెడ్మాస్టరు హెడ్మాస్టరే. ఒకదాని సంగతి ఇంకొకరికి పూర్తిగా అతుకుతుందని ఎవరూ అనలేదు. కాని పొట్టమీద పెట్టినదానికి రాని ఫలం కాలిమీద పెట్టినదానికి వచ్చిందని చదివాక, వరండాలో నేను విసిరిన సామెతని మాత్రం తెల్లవారుజామున వెనక్కి తీసుకున్నాను.

"అయితే పొద్దున్న డాక్టరుగారిని అడిగి నాన్నకి పెట్టు," అన్నాను.

"పెట్టలేం," అంది. "నాన్నకి గుండెలో పేస్‌మేకరు ఉంది కదా."

ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖం చూడలేకపోయాను. రోజుకి పదిమందికి కరెంటు పెట్టే పిల్ల. తండ్రికి పెట్టే వీలు లేదు. గుండెని నడిపించే ఆ చిన్న యంత్రం బయటి కరెంటుని చూసి తికమకపడే ప్రమాదం ఉంది గనక, అది ఉన్నవాళ్ళకి ఇల్లాంటివి తగిలించరు. పుండుపడ్డ చర్మం మీద, గర్భిణులకి కొన్ని చోట్ల కూడా పనికిరాదు. ఇది చదివి ఎవరైనా బజార్లో దొరికే పెట్టె కొని, ఆపరేషనైన మనిషికి తామే తగిలిస్తారేమోనని భయం ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి. కుట్టినచోట పేగు కారినా కడుపు ఇల్లాగే ఉబ్బుతుంది. జ్వరం, ఎక్కువయ్యే నొప్పి, దడ ఉంటే ఒక్క గంట ఆలస్యం కూడా ప్రాణానికి ముప్పు. అక్కడ కావలసింది సర్జను కత్తి, పట్టీ కాదు.

మూడో రోజు పొద్దున్న నేను సర్జనుగారినే అడిగాను, ఈ కరెంటు సంగతి ఏమంటారని. ఆవిడ నవ్వలేదు. "చదివానండీ. మాకింకా ఇక్కడ అలవాటు లేదు. ముందు వీటిని సరిగ్గా చెయ్యనివ్వండి," అని వేళ్ళు మడిచారు. మార్ఫిను తగ్గించడం, త్వరగా లేపి నడిపించడం, త్వరగా కాస్త కాస్త తినిపించడం. డెన్మార్కులో కెహ్లెట్ అనే సర్జను 1990లలో ఈ మార్గం వేశాడుట. అంతకుముందు గాలి పోయేదాకా గొంతులో చుక్కనీరు పోసేవారు కాదు. మా నాన్నగారి రోజుల్లో నాకు గుర్తే.

పోతూ పోతూ ఆవిడ ఇంకో మాట చెప్పారు, చూయింగ్‌గమ్ నమలమని. తిండి వస్తోందని పేగుని మభ్యపెట్టడానికిట. 2002లో జపానువాళ్ళు కొద్దిమంది మీద చూసి బాగుందన్నారు. తరువాతి పెద్ద పరీక్షల్లో అంత మేలు కనబడలేదు, అయినా నష్టం లేదు గనక చెబుతూంటారు. క్లాసులో నోరు కదిపిన ప్రతి పిల్లవాణ్ణీ బెంచీ ఎక్కించిన మా బావగారు, ఆ రోజంతా గోడవైపు తిరిగి గమ్ము నమిలారు.

ఆ రాత్రి నేను లోపలికి వెళ్ళేసరికి మా మేనకోడలు మంచం చివర స్టూలు మీద కూచుని, తండ్రి మోకాలి కింద బొటనవేలితో నొక్కుతోంది. వేలికి పేస్‌మేకరుతో పేచీ లేదు గదా. ఎంతసేపటినించో తెలియదు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. మా అక్కయ్య చేతిలో వెంకటేశ్వరస్వామి పటం. నేను ఏమీ మాట్లాడకుండా వచ్చి వరండాలో కూచున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి గదిలోంచి చప్పుడు వినిపించింది. మొదట నేను కుర్చీ జరిపారనుకున్నాను. తలుపు తోసుకుని వెళితే మా అక్కయ్య నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళు. పక్కమంచం ఆయన లేచి కూచుని, "శుభం అండీ, శుభం!" అంటున్నాడు.

ఏడు కొండలవాడికి మొక్కుకోవడం వల్లనేనంది మా అక్కయ్య. నడిపించడం వల్లనన్నారు పొద్దున్న వచ్చిన సర్జనుగారు. గమ్మే కారణం కావచ్చునన్నాడు చిన్న డాక్టరు. మా మేనకోడలు మాత్రం ఏమీ అనలేదు. వాచిన బొటనవేలు రెండో చేత్తో రుద్దుకుంటోంది. నాలుగో రోజు గదా, ఎవరికైనా పోయేదే అని నోటిదాకా వచ్చింది. రాత్రంతా చదివిన మూడు జట్ల లెక్క కూడా గుర్తొచ్చింది. మింగేశాను.

బావగారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. వంగి చెవి పెట్టాను.

"ఇడ్లీ ఎప్పుడు పెడతారో కనుక్కోవోయ్," అన్నారు.